ముప్పై ఒకటో నంబరు పొట్టేలు

ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా రిటైరైనవాళ్ళు రాస్తారు. నాకు ఇరవై ఏడేళ్ళు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నేను రిటైరు కాకపోయినా నా ప్రాజెక్టు రిటైరైంది. ఇరవై రెండు నెలలు నడిచి, ఒక మధ్యాహ్నం నేను ఫ్రిజ్ తాళంచెవి, రెండు ఐస్ బాక్సులు అప్పగించి సంతకం పెట్టాక ముగిసిపోయింది. రేపు ఇలాంటి ఇంకో ప్రాజెక్టులో, ఇలాంటి ఇంకో కుర్చీలో ఒక చెల్లెలో తమ్ముడో కూర్చుంటారు. పని ఎలా చేయాలో వాళ్ళకు చాలామంది చెబుతారు. నేను దాన్ని ఎలా పాడు చేశానో నేను తప్ప ఎవరూ చెప్పరు.

నా పని గొర్రెల రక్తం. చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల్లో మందలున్న ఊళ్ళకు పోవాలి. మెడ దగ్గరి నరంలోంచి చిన్న ట్యూబుడు రక్తం తీయించాలి. ట్యూబు మీద నంబరు రాసి, అదే నంబరున్న పచ్చ ప్లాస్టిక్ బిల్లను గొర్రె చెవికి వేయించాలి. ఫీల్డ్ షీటు నింపి, సాయంత్రానికి ఐస్ బాక్సును ల్యాబుకు చేర్చాలి.

ఇదంతా స్క్రేపీ అనే ఒక రోగం కోసం. ఆ రోగం వచ్చిన గొర్రెకు విపరీతమైన దురద పుడుతుంది. గోడకు, కంచెకు ఒళ్ళు రుద్దుకొని రుద్దుకొని ఉన్ని ఊడగొట్టుకుంటుంది. తర్వాత వణుకుతుంది, నడక తప్పుతుంది, పడిపోతుంది, చనిపోతుంది. దీనికి కారణం పురుగు కాదు, వైరస్ కాదు. మెదడులో ఉండే ఒక మామూలు ప్రోటీన్ తప్పుగా మడత పడుతుంది. మడత పడ్డది ఊరుకోదు, పక్కదాన్ని కూడా తనలాగే మడతపెడుతుంది. మందు లేదు, టీకా లేదు. అయితే కొన్ని గొర్రెల్లో ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువు కొంచెం తేడాగా ఉంటుంది. అలాంటి ప్రోటీన్ అంత సులభంగా మడత పడదు. ప్రతి గొర్రెకూ ఆ జన్యువు తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ వస్తుంది. రెండూ మంచి కాపీలైతే ఆ గొర్రెకు ఈ రోగం భయం దాదాపు లేనట్టే. ఒకటే మంచిదైతే కొంత రక్షణ. రెండూ మామూలివైతే దాని అదృష్టం.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ రోగం మా రెండు మండలాల్లో లేదు. చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. నేను చూడలేదు, ప్రాజెక్టు నడిపే మా సార్ కూడా పుస్తకాల్లోనే చూశారు. అది వచ్చేలోపు మన నల్ల ఉన్ని గొర్రెల్లో ఎన్నింటికి రక్షణ ఉందో తెలుసుకోవడం, రెండు మంచి కాపీలున్న పొట్టేళ్ళు దొరికితే వాటిని సర్కారు గొర్రెల ఫారానికి తెచ్చి సంతతి పెంచడం ప్రాజెక్టు ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కాపరులకు చెప్పడమే కష్టం. చెప్పే బాధ్యత నాకిచ్చారు.

నేను కొత్తవాళ్ళతో మాట్లాడలేను. చిన్నప్పటి నుంచీ అంతే. బస్సులో టికెట్ అడగాల్సి వస్తుందని పాస్ తీసుకున్న మనిషిని. చదవమంటే ఎంతైనా చదువుతాను. రాయమంటే రోజూ డైరీ రాస్తాను, మూడు పేజీలకు తక్కువ కాకుండా. ఇంటర్వ్యూలో అన్ని జవాబులూ కాగితం మీద అడిగారు గనుక నాకు ఉద్యోగం వచ్చింది. గొర్రెలంటే నాకు ఏనాడూ భయం లేదు. అవి ప్రశ్నలడగవు.

నాతో పాటు ఫీల్డుకు వచ్చే అతన్ని అన్న అని పిలిచేదాన్ని. మొయినాబాద్ మనిషి, పశువుల దవాఖానలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు. ఒక చేత్తో ఫోను చెవి దగ్గర పెట్టుకొని, ఇంకో చేత్తో పొట్టేలును లొంగదీయగలడు. రక్తం తీసేది, బిల్ల వేసేది, పళ్ళు చూసి వయసు చెప్పేది అన్ననే. గొర్రెకు ముందు పళ్ళు కింది వరసలోనే ఉంటాయి. రెండు పెద్ద పళ్ళు వస్తే ఏడాది దాటిందని, ఎనిమిదీ వస్తే నోరు నిండిందని, అంటే నాలుగేళ్ళ వరకు ఉంటుందని లెక్క. ఏడాదికి ఒక జత కంటే ఎక్కువ రాదు. అన్న "రెండు!" "నాలుగు!" అని అరిచేవాడు, నేను రాసేదాన్ని. ఆ పని నాకు చాలా నచ్చేది. అరుపు అతనిది, రాత నాది.

ఆలూరు దగ్గర ఒక మందకు పోయిన రోజు ఈ కథ మొదలైంది. మంద ఒక ముసలి దంపతులది. ఆయన్ని బాపు అని, ఆమెను అవ్వ అని పిలిచాను. వాళ్ళు ఇదివరకు చందనవెల్లి దిక్కు మేపేవారట. ఇప్పుడు అటు అంతా కాంపౌండు గోడలు. అందుకని రోజూ ఇంకో మూడు కిలోమీటర్లు ఎక్కువ నడుస్తున్నారు. గోడల లోపల ఏముందో తెలియదన్నారు. కంప్యూటర్లు ఉన్నాయని నేను చెప్పాను.

"మనుషులుండరా?" అని అడిగాడు బాపు.

"కొద్దిమందే ఉంటరంట బాపు."

"గన్ని గోడలు కంప్యూటర్లకేనా?" అని ఆయన కాసేపు ఆలోచించాడు. "మేత మాత్రం మంచిగుండె ఆడ."

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది.

"ఏం బిడ్డా, గీ దురద రోగం మా గొర్లకొచ్చిందా?"

"రాలే బాపు."

"వస్తదా?"

"తెల్వది."

"వస్తె మందున్నదా?"

"లేదు."

"మరి నెత్తురెందుకు?"

నేను చెప్పాల్సిన జవాబు ఒక పేరా ఉంది. సార్ రాసిచ్చారు. అందులో చివరి రెండు వాక్యాలు ముఖ్యం: ఈ బిల్ల మీది నంబరు ఈ గొర్రెకే చెందుతుంది, దీన్ని తీసి వేరే గొర్రెకు పెట్టకూడదు. ఆ పేరా నాకు కంఠతా వచ్చు. అయితే ముందు నలుగురు మనుషులు, అరవై గొర్రెలు నిలబడి చూస్తున్నాయి. నేను "ఇండ్ల అంతా ఉన్నది బాపు" అని అచ్చేసిన కరపత్రం చేతికిచ్చాను. బాపు దాన్ని అవ్వకిచ్చాడు. అవ్వ దాన్ని రెండు వైపులా చూసి, నాలుగు మడతలు పెట్టి, తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో దాచింది. సర్కారు కాగితం జాగ్రత్తగా ఉండాలి కదా. వాళ్ళిద్దరికీ చదవడం రాదని నాకు తర్వాత తెలిసింది. అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

ఆ రోజు నలభై మూడు గొర్రెలకు రక్తం తీశాం. అందులో మగవి ఆరు. ఐదు రెండు పళ్ళ కుర్రవి, ఒకటి మంద పొట్టేలు. ఆ మంద మొత్తానికి విత్తనం అదే. వాళ్ళు దాన్ని పెద్దోడు అనేవారు. పుట్టిన మూడో రోజే తల్లి పోతే అవ్వ మేకపాలు సీసాతో పట్టి బతికించిందట. ఇప్పుడు దాని కొమ్ములు రెండు చుట్లు తిరిగి ఉన్నాయి. అయినా అవ్వ కూర్చుంటే వచ్చి ఆమె మోకాలికి తల ఆనించి నిలబడేది. కుర్ర పొట్టేళ్ళన్నీ దాని కొడుకులే.

ఫీల్డ్ షీటులో ఆఖరి గడి పేరు "గుర్తులు". మచ్చలు, కొమ్ము వంకర, చెవి చీలిక లాంటివి రాయాలి. బిల్ల పోయినా గొర్రెను పోల్చుకోవడానికి ఆ గడి. ఉన్ని గొర్రెలన్నీ నాకు ఒకేలా కనిపించాయి. అవ్వనడిగితే ఒక్కోదానికీ గంటసేపు చెప్పేది. అడగలేదు. నలభై మూడింటికీ "నలుపు" అని రాశాను. పదిహేడో నంబరుకు మాత్రం "బాగా నలుపు" అని రాశాను.

పరీక్ష కిట్లు రావడానికి మూడు నెలలు పట్టింది. ల్యాబులో మిషను బాగవడానికి ఇంకో నెల పట్టింది. ఐదో నెలలో ఫలితాలు వచ్చాయి. ఒక బుధవారం పొద్దున సార్ నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయన మామూలుగా తన గదిలోంచి పిలుస్తారు, రారు.

"ముప్పై ఒకటి," అన్నారు. "ఆలూరు మంద. మగది. రెండు కాపీలూ మంచివే."

రెండు మండలాల్లో మేం రక్తం తీసిన మగ గొర్రెల్లో అలాంటిది అదొక్కటే. ఒక కాపీ ఉన్నవి కొన్ని దొరికాయి గానీ రెండూ ఉన్న పొట్టేలు ఇదే మొదటిది. పై ఆఫీసు నుంచి సమీక్షకు వచ్చేవారం వస్తున్నారు, అప్పటికి చూపించడానికి మా దగ్గర ఏమీ లేదు. సార్ ముఖంలో నేను మొదటిసారి పళ్ళు చూశాను. గురువారం పొద్దునే బండి తీసుకొని తానే వస్తానన్నారు. పొట్టేలును ఫారానికి తెచ్చేసి, దాని బదులు బాపుకు ఫారం పొట్టేలు ఒకటి ఇప్పిస్తామన్నారు, "ప్రొసీజర్ ప్రకారం". నన్నూ అన్ననూ ముందు రోజే పోయి, పొట్టేలును చూసి, బాపుతో మాట్లాడి రమ్మన్నారు.

అదే మధ్యాహ్నం పోయాం. మంద చిన్నగా కనిపించింది. నెల కింద ఉన్ని కత్తిరించారట, అన్నీ సన్నబడ్డాయి. అన్న ఒక్కొక్క చెవీ చూసుకుంటూ పోయి ఒక చోట ఆగాడు.

"చెల్లె, ముప్పై ఒకటి దొరికింది."

పోయి చూశాను. ముప్పై ఒకటో నంబరు బిల్ల పెట్టుకున్న గొర్రె కింద రెండు పిల్లలు పాలు తాగుతున్నాయి.

అన్న ఆ పిల్లల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మగది అని రాసినవ్ గద?"

"రాసిన అన్నా."

"ఇది మగది గాదు."

దాన్ని అంత వివరంగా చెప్పక్కర్లేదు. నేను బిల్లను పట్టుకొని చూశాను. మేం వేసిన ప్లాస్టిక్ మేకు లేదు. దాని స్థానంలో నల్ల ఉన్ని దారం, దానికి చాలా చక్కని ముడి. పక్క గొర్రెకూ అలాగే. అన్నింటికీ అలాగే.

అవ్వ గర్వంగా వచ్చింది. "ఉన్ని కత్తిరిచ్చేటప్పుడు కత్తెరకు తట్టుకుంటున్నయ్ బిడ్డా. చెవులు తెగుతయని అన్నీ కోసినం. మళ్ళ బిల్ల లేకుంటె ఇన్సూరెన్స్ రాదు గద, అందుకే కూసొని అన్నీ కట్టిన. రెండు దినాలు పట్టింది. ఒక్కటంటె ఒక్కటి పోనియ్యలే. లెక్కవెట్టుకో."

"ఏది దేనికుండెనో యాదున్నదా అవ్వా?"

"ఏదైతె ఏంది? నలభై మూడు ఉండె, నలభై మూడు కట్టిన." తర్వాత జాలిగా అంది. "అమ్మేసిన వాటియి మాత్రం పిల్లలకు కట్టిన. ఒట్టిగ పోతయ్ ఎందుకని."

ఇక్కడి కాపరులకు బిల్ల అంటే ఇన్సూరెన్స్. గొర్రె చస్తే చెవికి బిల్ల ఉందా అని చూస్తారు, అంతే. మాది ఆ బిల్ల కాదని, మాకు కావలసింది లెక్క కాదు, ఏ బిల్ల ఏ గొర్రెదన్నదేనని చెప్పాల్సిన మనిషిని నేను. ఆ మాట వాళ్ళ బియ్యం డబ్బాలో భద్రంగా ఉంది. అవ్వ మీద నాకు కోపం రాలేదు. ఆమె తనకు తెలిసిన పనిని ఏ తప్పూ లేకుండా చేసింది. నేను నాకు తెలిసిన పనిని చేయలేదు.

అన్న నన్ను పక్కకు పిలిచాడు. "జర ఆలోచించు చెల్లె. సార్ రేపు బండేసుకొని వస్తున్నడు. శాలువా గూడ కొన్నడు."

"శాలువా ఎందుకన్నా?"

"బాపుకు కప్పనీకి. ఫోటోలు, సర్టిఫికెట్, అన్నీ ఉన్నయ్. ఇప్పుడు పోయి ముప్పై ఒకటి పాలిస్తున్నదని చెప్తవా?"

నేను ఫీల్డ్ షీటు మడిచి సంచీలో పెట్టాను.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు అన్న. ఆడ గొర్రె చెవి నుంచి ముప్పై ఒకటో బిల్ల విప్పి, పెద్దోడి చెవికి కట్టాడు. అవ్వ కట్టినంత బాగా ముడి రాలేదు. "దీన్నే ఇద్దాం. మంచిగ కనవడ్తది. కొమ్ములు చూడు."

నేను వద్దనలేదు. సరేననలేదు. ఊరికే నిలబడ్డాను. నిలబడటంలో నాకు మంచి అనుభవం ఉంది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మనలాంటివాళ్ళం మన మౌనాన్ని వినయం అనుకుంటాం. ఎదుటివాళ్ళు దాన్ని ఒప్పుకోలు అనుకుంటారు. చాలా పనులు ఆ సందులోంచే జరిగిపోతాయి.

అన్న బాపుకు సంగతి చెప్పాడు: సారుకు పెద్దోడు కావాలి, ఇంకోటి ఇస్తరు. బాపు పెద్దోడి వైపు చూశాడు. "ఎప్పుడిస్తరు?" అని మాత్రం అడిగాడు. "ప్రొసీజర్ ప్రకారం," అన్నాడు అన్న. బాపు తలూపాడు. ఆ మాట ఆయన ఇదివరకు విన్నట్టున్నాడు. పొట్టేలు లేకుంటే గొర్రెలు చూలు కట్టవు, కట్టకుంటే వచ్చే ఏడు పిల్లలుండవు, పిల్లల్లేకుంటే మంద ఉండదు. ఈ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో చదివాను.

ఇంటికి పోయి ఆ మొదటి రోజు డైరీ తీశాను. ముప్పై ఒకటో నంబరు గురించి ఏదైనా రాసి ఉంటానేమోనని. నాలుగు పేజీలు రాశాను. ఎండ ఉన్ని మీద పడితే నలుపు గోధుమరంగులోకి ఎలా మారిందో రాశాను. అవ్వ చేతుల గురించి ఒక పేజీ ఉంది. గొర్రెల గుంపు కదిలితే వచ్చే చప్పుడును దేనితో పోల్చాలో తెలియక మూడు పోలికలు రాసి మూడూ కొట్టేశాను. ఒక్క పొట్టేలు గురించి ఒక్క పనికొచ్చే వాక్యం లేదు.

ఫీల్డ్ షీటు తీశాను. నలుపు, నలుపు, నలుపు. కానీ పళ్ళ గడి ఉంది కదా, అన్న అరిస్తే నేను రాసింది. ముప్పై ఒకటి: మగ, రెండు పళ్ళు. ఎనిమిది పళ్ళున్న మగది షీటు మొత్తంలో ఒకటే, ఆరో నంబరు. అంటే పెద్దోడు ఆరు. ఫలితాల కాగితంలో ఆరుకు ఎదురుగా చూశాను: ఒక కాపీ మంచిది, ఒకటి మామూలుది. రెండు మంచి కాపీలున్న కొడుకు పుట్టాలంటే తండ్రి దగ్గర కనీసం ఒకటి ఉండి తీరాలి. లెక్క సరిపోయింది. అసలు ముప్పై ఒకటి ఆ ఐదు కుర్ర పొట్టేళ్ళలో ఒకటి. రేపు మేం తీసుకుపోయేది దాని తండ్రిని.

సార్‌కు ఫోన్ చేసి చెప్పొచ్చు. నంబరు తీశాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. కొట్టేసి ఇంకోలా రాసుకున్నాను. ఫోన్ చేయలేదు. మెసేజ్ టైపు చేసి, "సార్, గుడ్ ఈవినింగ్" వరకు పంపాను. ఆయన "గుడ్ ఈవినింగ్" అని పంపారు. మాట అక్కడే ఆగింది.

గురువారం పొద్దున ఎనిమిదింటికి మందను మేతకు వదలకముందే చేరాం. సార్ ఇస్త్రీ చొక్కాలో వచ్చారు. బాపు కూడా ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. అవ్వ మాత్రం దొడ్డి లోపల మాకు వీపు పెట్టి కూర్చొని ఉంది. పెద్దోడు ఆమె మోకాలికి తల ఆనించి నిలబడి ఉన్నాడు. చెవికి ముప్పై ఒకటి.

సార్ బాపుకు శాలువా కప్పారు. డ్రైవర్ ఫోటో తీశాడు. సార్ నాలుగు మంచి మాటలు చెప్పారు, ఈ పొట్టేలు ఎంత అరుదైనదో, దీని సంతతి ఎన్ని మందలను కాపాడుతుందో. ఆయన బాగా మాట్లాడతారు. ఆయన నమ్మే మాట్లాడుతున్నారు, అదే నాకు కష్టంగా ఉంది. అన్న తాడు తీసుకొని దొడ్డిలోకి పోయాడు.

"అవ్వా, జర జరుగు," అన్నాడు.

అవ్వ జరగలేదు. "పాలు వట్టి సాదిన," అంది, ఎవరి వైపూ చూడకుండా. "మీ సారును పట్టుమను చూద్దాం సీసతోని. తెలుస్తది."

"నీ పొట్టేలుకేం గాదవ్వా. సర్కారు ఫారంల దాణా వెడ్తరు."

"నాకు వెట్టుమను దాణా. నేనే పోత ఆడికి."

డ్రైవర్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. బాపు శాలువాతోనే నా దగ్గరికి వచ్చాడు. నేను బండి వెనక, కనిపించకుండా ఉండడానికి అనువైన చోట నిలబడి ఉన్నాను.

"బిడ్డా," అన్నాడు. "సారు నిన్న రాలే, ఆ తమ్మీ రాయలే. రాసింది నువ్వు. నువ్వు చెప్పు. మీకు కావల్సింది ఇదేనా?"

అందరూ నా వైపు తిరిగారు. సార్ కూడా. అన్న తాడు పట్టుకొని ఆగిపోయాడు. నేను నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఇది వర్ణన కాదు, నిజంగానే ఏమీ రాలేదు. గొంతులోంచి చిన్న గాలి వచ్చింది.

అందుకని దొడ్డిలోకి నడిచాను. అవ్వ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎడమ చేతితో పెద్దోడి కొమ్ము పట్టుకొని, కుడి చేతి బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగి పట్టుకున్నాను. అన్న వందసార్లు చేయగా చూశాను, నేను చేయడం అదే మొదటిసారి. పొట్టేలు నా వైపు ఆశ్చర్యంగా చూసింది, కానీ కదల్లేదు. సార్ దగ్గరికి వచ్చారు. వంగారు. లెక్కపెట్టారు.

"ఎనిమిది," అన్నారు.

నేను ఇంకో చేత్తో సంచీలోంచి ఫీల్డ్ షీటు తీయబోయాను. ఇంకో చెయ్యి లేదు. అవ్వనే సంచీ తెరిచి కాగితాలు సార్‌కు ఇచ్చింది. ఆయన ముప్పై ఒకటో వరస మీద వేలు పెట్టారు. రెండు. మళ్ళీ పొట్టేలు నోట్లోకి చూశారు. ఐదు నెలల్లో ఆరు పళ్ళు వచ్చే అవకాశం గురించి ఒక శాస్త్రవేత్త ఎంతసేపు ఆలోచిస్తాడో అంతసేపు ఆలోచించారు. అంటే ఎక్కువసేపు కాదు.

"ఎవరు కట్టారు ఈ బిల్ల?"

అన్న ఆకాశం వైపు చూశాడు.

"నేను చూస్తూ ఊర్కున్న సార్," అన్నాను. మాట వచ్చింది. పెదవి లాగి పట్టుకొని ఉంటే మాట్లాడటం కొంచెం సులువని ఆ రోజు కనిపెట్టాను, పొట్టేలు పెదవి అయినా సరే. "ఉన్ని తీసేటప్పుడు బిల్లలన్నీ కలిసిపోయినై సార్. తియ్యొద్దని నేను మొదటి రోజు చెప్పలే. గుర్తులు కూడ రాయలే. ఇది ఆరో నంబరు. దీనికి ఒక్క కాపీనే ఉంది."

"నిన్ననే తెలుసా?"

"తెలుసు సార్."

"గుడ్ ఈవినింగ్ అని మెసేజ్ పెట్టారు."

"అవును సార్."

ఆయన దొడ్డి బయట మంచం మీద కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కా గురించి పట్టించుకోలేదు. డ్రైవర్‌ను ఫోటోలు తీసేయమన్నారు. తర్వాత బాపును అడిగారు, రెండు పళ్ళ పొట్టేళ్ళు ఐదు ఉండాలి, ఎక్కడున్నాయని.

"నాలుగు అమ్మేస్తిమి సారు. ఒకటే ఉన్నది, అగో."

"ఎవరికి అమ్మారు?"

"జన్వాడల ఫామ్‌హౌస్‌ల ఫంక్షనుండె. పెండ్లో, పుట్టినదినమో. ఉన్ని తీసిన మర్నాడే పోయినయ్."

అన్న మెల్లగా అన్నాడు, "ఆ ఒక్కటే ముప్పై ఒకటి కావచ్చు గద సార్. చూద్దాం."

ఆ ఒక్కదాని రక్తం తీశాం. ఈసారి గుర్తుల గడి అవ్వ చెబితే నేను రాశాను. కుడి కొమ్ము మొదట్లో సన్న గీత ఉంది, ఎడమ చెవి కొస కుక్క కరిచింది, మోకాలి కింద నాలుగు తెల్ల వెంట్రుకలు ఉన్నాయి, పిలిస్తే రాదు. మిగతా మందకు కూడా రాశాను. మధ్యాహ్నమైంది. సార్ బండిలో వెళ్ళిపోయారు, శాలువా వెనక్కి అడగలేదు. మంద మొత్తం గుర్తులకు పదకొండు షీట్లు పట్టాయి. ఒక గొర్రెకూ ఇంకో గొర్రెకూ ఏ పోలికా లేదు.

సోమవారం నాకు మెమో వచ్చింది. న్యాయమైన మెమోనే. వ్యాకరణ దోషం కూడా లేదు. అన్న కూడా ఒకటి తీసుకున్నాడు, తన సర్వీసులో ఇది ఎన్నోదో మర్చిపోయానన్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు "చెల్లె, చాయ్ తాగుతవా?" అన్నాడు. సమీక్షలో సార్ నిలబడి, రెండు కాపీల పొట్టేలు ఒకటి దొరికిందని, నంబరు నిర్వహణలో లోపం వల్ల దాన్ని ఇంకా గుర్తించలేకపోయామని, లోపం తన విభాగానిదని చెప్పారు. నా పేరు చెప్పలేదు. నేను ఆఖరి వరసలో ఉన్నాను. అంత గట్టిగా మాట్లాడే మనిషి అంత చిన్న గొంతుతో మాట్లాడగలడని నాకు తెలియదు.

పది రోజులకు ఫలితం వచ్చింది. మిగిలిన కుర్ర పొట్టేలుకు రెండూ మామూలు కాపీలే. అంటే ముప్పై ఒకటి అమ్మేసిన ఆ నాలుగింటిలో ఒకటి. రెండు మండలాల్లో మందులేని ఒక రోగం దరిచేరలేని ఒకే ఒక్క పొట్టేలు, జన్వాడలో ఎవరి ఫంక్షన్‌లోనో బిర్యానీలోకి వెళ్ళింది. తిన్నవాళ్ళకు ఏ తేడా తెలిసి ఉండదు.

ఈ సంగతి చెప్పడానికి నన్నెవరూ పంపలేదు. ఒక ఆదివారం చేవెళ్ళ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో నేనే పోయాను. ఏం చెప్పాలో ముందుగా రాసుకోలేదు. మందను మేతకు తీసే వేళ. బాపు కర్ర పట్టుకొని రోడ్డు దగ్గర ఉన్నాడు. అవ్వ దొడ్డి తలుపు దగ్గర ఉంది. పెద్దోడి చెవికి ఏ బిల్లా లేదు.

ముప్పై ఒకటి పోయిందని చెప్పాను. అవ్వ "అయ్యో" అంది. ఆ మాట నా కోసమని అర్థమైంది.

"మరి పెద్దోనిది ఏమన్నరు బిడ్డా? తీస్కపోతరా మళ్ళ?"

"తీస్కపోరు అవ్వా. సార్‌కు రెండున్నది కావాలె. దీనికి ఒకటే మంచిది. సగం."

"సగమా?"

"సగం. రోగమొస్తే జర ఆపుతది, మొత్తం ఆపకపోవచ్చు. పుట్టే పిల్లల్ల కొన్నిటికి ఆ మంచిది వస్తది, కొన్నిటికి రాదు."

అవ్వ పెద్దోడి వైపు చాలాసేపు చూసింది. నేను చెప్పింది అర్థం కాలేదేమో, ఇంకోలా చెప్పాలేమో అని నేను మాట వెతుక్కుంటున్నాను. ఆమె రోడ్డు దిక్కు తిరిగి కేకేసింది.

"ఏమయ్యో! ఇనవడ్తుందా? మన పెద్దోడు సగమే మంచోడంట!"

"ఏందీ?" అన్నాడు బాపు అటు నుంచి.

"సగమే మంచోడంట! నీ లెక్కనే!"

"మరి ఏం జేద్దామంటున్నరు?"

"ఏం జేస్తం! నిన్ను నలభై ఏండ్ల సంది ఉంచుకుంటలేనా? గీన్ని గూడ ఉంచుకుంట!"

ఆమె తలుపు తీసింది. పెద్దోడు ముందు నడిచాడు, మంద వెనక కదిలింది. టిప్పర్ వస్తుంటే బాపు కర్ర అడ్డం పెట్టి ఆపాడు. చివరి పిల్ల దాటేదాకా అది ఆగే ఉంది.